ఖాళీ చేతులు, ఆరడుగుల కర్ర

(ఒక విశ్వవిద్యాలయంలో విద్యార్థులు కొత్తగా ఏర్పాటు చేసుకొన్న కరాటే క్లబ్బు ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, ఆచార్యులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

నన్ను ఈ సభకు పిలిచిన విద్యార్థులు ఫోనులో రెండు ప్రశ్నలు అడిగారు. బ్లాక్ బెల్టు ఉందా అన్నది మొదటిది, ఉందని చెప్పాను. ఎన్ని పోటీల్లో గెలిచారు అన్నది రెండోది. ఒక్క పోటీలో కూడా పాల్గొనలేదని చెప్పాను. అవతలివైపు కాసేపు మాట లేదు. అయినా పిలుపును వెనక్కి తీసుకోలేదు కనుక వచ్చాను. ఆ కాసేపటి మౌనానికి జవాబు చెప్పడమే ఈ పూట నా పని.

మన ఊళ్ళలో చాలామంది పిల్లల్లాగే నేనూ బడి మైదానంలో కరాటే మొదలుపెట్టాను. తెల్ల దుస్తులు, వరుసలు, లెక్కకు తగినట్టు అరుపులు, వార్షికోత్సవం నాడు బంగాళా పెంకులు పగలగొట్టడం: కరాటే అంటే ఇంతే అనుకొనేవాణ్ణి. 2011లో ఎం.ఎస్. చదవడానికి న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు, అక్కడి వ్యాయామశాల గోడమీద "ఒకినావా గోజు-ర్యు కరాటే, కొబుదో" అన్న కాగితం కనిపించింది. కొబుదో అంటే ఏమిటో తెలియదు. కరాటే తెలుసు కదా అన్న ధీమాతో వెళ్ళాను. నాట్య బృందం ఖాళీ చేసి వెళ్ళిన హాలులో, వారానికి మూడు సాయంత్రాలు, పది పదిహేనుమంది విద్యార్థులకు ఒక పెద్దాయన నేర్పేవారు. ఆయన జీతం తీసుకొనేవారు కాదు. నాకు వచ్చినవన్నీ ఒకసారి చేసి చూపించమన్నారు. చూపించాను. ఆయన మెచ్చుకోలేదు, తప్పు పట్టనూ లేదు. "ముందు నిలబడటం నేర్చుకొందాం" అన్నారు.

ఆ నిలబడటం పేరు సన్‌చిన్. పాదాలు భుజాలంత ఎడంగా, ఒకటి కాస్త ముందుకు, వేళ్ళు కొద్దిగా లోపలికి తిరిగి ఉంటాయి. మోకాళ్ళు వంగుతాయి, తుంటి కిందుగా లోనికి ముడుచుకొంటుంది, మోచేతులు పక్కటెముకలకు పిడికెడు దూరంలో నిలుస్తాయి. ముక్కుతో గాలి పీల్చి, నోటితో వదులుతూ మూడడుగులు ముందుకు వేసి, తిరగాలి. ఇంతకు మించి చూడటానికి ఏమీ ఉండదు. గురువుగారు చుట్టూ తిరుగుతూ భుజాలమీద చరిచేవారు, తొడలను నొక్కి చూసేవారు, వీపు మీద అరచేయి ఆనించి శ్వాస ఎక్కడ ఆగిపోతున్నదో చెప్పేవారు. నాలుగు నిమిషాలకు నా చొక్కా తడిసిపోయింది. పక్కన ఆరు నెలలుగా వస్తున్న, జీవశాస్త్రం చదివే ఒక అమ్మాయి, ఎక్కడా కదలకుండా, చమట కూడా పట్టకుండా అదే పని చేస్తోంది. నా ధీమా ఆ రోజుతో సరి.

ఈ విద్య పుట్టిన చోటు గురించి కొంత చెప్పాలి. ఒకినావా ఇప్పుడు జపానులో ఒక రాష్ట్రమే కాని, 1879 వరకు అది ర్యూక్యూ అనే వేరే రాజ్యం. 1429లో మూడు చిన్న రాజ్యాలు కలిసి ఒకటయ్యాయి. చైనాకు కప్పం కడుతూ, ఆ పేరున వర్తకం చేసుకొంటూ బతికిన ద్వీపరాజ్యం అది. 1609లో దక్షిణ జపానులోని సత్సుమా సేనలు వచ్చి దాన్ని లోబరచుకొన్నాయి. చైనాలోని ఫుజియన్ తీరంతో రాకపోకలు మాత్రం ఆగలేదు. ఖాళీ చేయి అని అర్థమున్న కరాటేకు పాత పేరు "తోదే", అంటే చైనా చేయి. రాజధాని షురిలో, రేవుపట్టణం నహాలో, పక్కనున్న తొమారిలో మూడు ధోరణులు పెరిగాయి. మా క్లబ్బు నేర్పిన గోజు-ర్యు నహా వైపుది. నహాకు చెందిన హిగవొన్న కన్‌ర్యో ఫుజియన్‌లోని ఫుజౌ నగరానికి వెళ్ళి నేర్చుకొని వచ్చారు. ఆయన శిష్యుడు మియాగి చోజున్ తన పద్ధతికి గోజు, అంటే కఠినమూ మృదువూ, అని పేరు పెట్టారు. చైనానుంచి వచ్చిన బుబిషి అనే రాతప్రతిలో శ్వాసను గురించి ఉన్న ఒక పాదంనుంచి ఆ రెండు మాటలూ తీసుకొన్నారు.

ఇక్కడ మనవాళ్ళు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. కాంచీపురంనుంచి వెళ్ళిన బోధిధర్ముడే చైనా బౌద్ధమఠం షావోలిన్‌లో ఈ విద్యలన్నీ నేర్పాడట కదా అని. వినడానికి మనకు ఇంపుగానే ఉంటుంది. కాని బోధిధర్ముణ్ణి వ్యాయామ విద్యతో ముడిపెట్టే రాతలు 17వ శతాబ్దానికి ముందు కనిపించవు. ఆయన జీవించినట్టు చెప్పే కాలానికి, వాటికి మధ్య వెయ్యేళ్ళకు పైగా ఎడం ఉంది. 1908లో షురికి చెందిన ఇతొసు అన్‌కో తోదే గురించి పది సూత్రాలు రాస్తూ, ఇది బౌద్ధంనుంచి గాని కన్ఫ్యూషియస్ బోధలనుంచి గాని వచ్చినది కాదని మొదటే తేల్చేశారు. నిజమైన బంధుత్వం చిన్నదైనా వేరేచోట ఉంది. గోజు-ర్యు కతాలలో, అంటే కదలికల వరుసల్లో, అన్నిటికంటే పొడవైనదాని పేరు సూపరిన్‌పే; ఫుజియన్ ఉచ్చారణలో అది 108 అనే అంకె. జపమాలలో పూసలెన్నో తెలిసినవాళ్ళకు ఆ అంకె ఎక్కడినుంచి ప్రయాణం చేసిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. విశ్వవిద్యాలయ క్లబ్బు అంటే చదువుకు అనుబంధంగా నడిచే కాలక్షేపమనీ, అసలు విద్య ఎక్కడో గురువు పెరట్లో ఉంటుందనీ ఒక అభిప్రాయం ఉంది. అందులో సగమే నిజం. మనకు తెలిసిన కరాటేను మలచినవి బడులూ విశ్వవిద్యాలయాలే. మేలూ కీడూ రెండూ వాటి చేతిమీదుగానే జరిగాయి.

పాతరోజుల్లో ఒక గురువు దగ్గర ఇద్దరో ముగ్గురో శిష్యులుండేవారు. "ఒక కతాకు మూడేళ్ళు" అన్నది అక్కడి నానుడి. కతా అంటే ఎదురుగా ప్రత్యర్థి లేకుండా, ఒక క్రమంలో చేసే దెబ్బల, అడ్డుకొనే కదలికల, పట్టుల వరుస. పుస్తకం లేని విద్యకు అదే పుస్తకం. ఇతొసు 1901లో దీన్ని షురిలోని ప్రాథమిక పాఠశాలలోకి, 1905లో మాధ్యమిక పాఠశాలలోకి తెచ్చారు. ముగ్గురికి నేర్పే విద్యను అరవైమందికి ఒకేసారి నేర్పాలంటే వరుసలు కావాలి, లెక్క కావాలి, పిల్లలకు సరిపడే చిన్న కతాలు కావాలి. పినాన్ అనే ఐదు కతాలను ఆయన అందుకే కూర్చారు. మా ఊరి బడి మైదానంలో నేను వేసిన వరుసల ముత్తాతలు ఆ వరుసలే.

1922లో ఇతొసు శిష్యుడు ఫునకోషి గిచిన్ టోక్యోలో ప్రదర్శన ఇచ్చి, అక్కడే ఉండిపోయారు. వృత్తిరీత్యా బడిపంతులు, అప్పటికి వయసు యాభై దాటింది. 1924లో కెయో విశ్వవిద్యాలయంలో ఆయన ఆధ్వర్యంలో క్లబ్బు ఏర్పడింది. జపాను విశ్వవిద్యాలయాల్లో అదే మొదటి కరాటే క్లబ్బు. తరువాత టోక్యో, వాసెదా విశ్వవిద్యాలయాలు. ఒకినావానుంచి వెళ్ళినవాళ్ళలో మబుని కెన్వా ఒసాకా ప్రాంతంలో నేర్పారు. ఆ క్లబ్బుల్లో చేరినవాళ్ళు మీ వయసువాళ్ళే. పక్క హాలులో జూడో, వెదురుకత్తుల కెందో క్లబ్బులు పోటీలు పెట్టుకొంటుంటే వీళ్ళు మాత్రం కతాలతో సరిపెట్టుకోలేకపోయారు. టోక్యో విశ్వవిద్యాలయ విద్యార్థులు కెందో కవచాలు తొడుక్కొని ఒకరినొకరు కొట్టుకొని చూశారు. ఫునకోషికి అది నచ్చక ఆ క్లబ్బుకు దూరమయ్యారు. గురువు వైపు న్యాయముంది. విద్యార్థుల వైపూ ఉంది. ఇరవై ఏళ్ళ వయసులో "ఇది నిజంగా పనికొస్తుందా" అని అడగనివాడు నేర్చుకొనేవాడు కాడు. కాని ఆ ప్రశ్నకు వాళ్ళు ఎన్నుకొన్న దారి పోటీల వైపు తిరిగింది. 1957లో అఖిల జపాన్ పోటీలు, చివరకు 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్. ఆ ఒలింపిక్స్‌లో పురుషుల కతా విభాగంలో స్వర్ణం గెలిచిన కియునా ర్యో ఒకినావావాడే కావడం ఆ ద్వీపంలో ఎంత పండుగో ఊహించుకోవచ్చు. పోటీలను నేను తక్కువ చేయను. పోటీకి పనికిరాని భాగాలు ఈ దారిలో మెల్లగా జారిపోయాయని మాత్రం అంటాను. దగ్గరగా పట్టుకొని కీలును వంచడం, కూలదోయడం, చేయి చేతికి అంటుకొని ఎదుటివాడి బలాన్ని తెలుసుకోవడం అలా జారిపోయినవే. అన్నిటికంటే ముందు జారిపోయినవి ఆయుధాలు.

ఆయుధాలంటే కత్తులు కావు. ఒకినావా ఆయుధవిద్య కొబుదోలో మొదటిది బో, అంటే ఆరు షాకుల కర్ర. ఒక షాకు సుమారు 30 సెంటీమీటర్లు కనుక మన ఆరడుగులే. తరువాత సై: మొన లేని ఇనుప కడ్డీ, పిడి దగ్గర ఇరుపక్కలా రెండు కొమ్ములు. తొన్‌ఫా: పక్కకు పిడి ఉన్న పొట్టి కర్ర, అమెరికా పోలీసులు 1970లనుంచి వాడిన పక్కపిడి లాఠీకి మూలం అదే. నున్‌చాకు మీ అందరికీ సినిమాల పుణ్యమా అని తెలుసు. ఇంకా కామా అనే కొడవళ్ళ జత, ఎకు అనే పడవ తెడ్డు, తిన్‌బే-రోచిన్ అనే డాలు, పొట్టి బల్లెం.

రాజు ఆయుధాలు లాక్కొంటే రైతులు వ్యవసాయ పనిముట్లనే ఆయుధాలుగా మార్చుకొన్నారన్న కథ మీరు వినే ఉంటారు. నేనూ చాలాకాలం నమ్మాను, నలుగురికీ చెప్పాను కూడా. కొడవలి రైతుది, తెడ్డు జాలరిది అన్నంతవరకు కాదనలేం. కాని సై పట్టుకొని తిరిగింది ర్యూక్యూ రాజ్యపు రక్షక భటులు. డాలు, బల్లెం ఏ పొలంలోనూ పండవు. ఈ విద్యను తరతరాలుగా నిలిపినవాళ్ళలో ఎక్కువమంది రాజోద్యోగుల కుటుంబాలవారే. తీరిక లేనిదే ఇంత సాధన కుదరదని, ఎండలో రోజంతా వంగి నాట్లు వేసినవాళ్ళ నడుమును చూసినవాళ్ళకైనా తెలియాలి.

టోక్యోలో విశ్వవిద్యాలయాలు ఖాళీ చేతులను ఎత్తుకొని కర్రను వదిలేస్తున్నప్పుడు, ఆ వదిలేసినవాటిని ఏరుకొన్నవాళ్ళు కొద్దిమంది. ఫునకోషి దగ్గర కరాటే నేర్చుకొన్న తైరా షిన్‌కెన్ తరువాత యబికు మొదెన్ అనే గురువును ఆశ్రయించి, ఊరూరా చెదిరిపోయిన ఆయుధ కతాలను నలభైకి పైగా సేకరించారు. మతయోషి షిన్‌కో, ఆయన కుమారుడు షిన్‌పో మరో పరంపరను నిలిపారు. మా క్లబ్బుది ఆ రెండో పరంపర.

కర్ర పట్టుకొన్నాకనే నాకు కరాటే అర్థమైంది. కరాటేలో ఒక చేత్తో గుద్దేటప్పుడు రెండో చేతిని నడుము దగ్గరికి వెనక్కి లాగుతాం. ఎందుకు లాగాలని చిన్నప్పటి గురువును అడిగితే "బలం కోసం" అన్నారు, అంతే. బో చేతికి వచ్చాక ప్రశ్నే మిగల్లేదు. వెనకచేయి లాగితేనే కర్ర ముందుకొన ఎగిరి పడుతుంది; లాగకపోతే చీపురుకట్టతో బూజు దులిపినట్టు ఉంటుంది. ఒక చేయి ఆనిక, ఒక చేయి తోపు, మధ్యలో నడుము. ఒకినావావాళ్ళు నడుము పనిని గమకు అంటారు. పాకంలా అంటుకొంటూ బరువుగా సాగే కదలికను ముచిమి అంటారు. ఇవి జపాను మాటలు కూడా కావు, ద్వీపపు మాటలు. కర్ర బరువు ఈ రెండింటినీ మాటలు లేకుండానే నేర్పుతుంది. చేతి బలంతో మోసం చేద్దామంటే పదో దెబ్బకే భుజం చెప్పేస్తుంది.

మా ఊళ్ళో పీర్ల పండుగకు కర్రసాము చూస్తూ పెరిగినవాణ్ణి కనుక నాకు కర్ర కొత్త కాదనుకొన్నాను. చేతిలో వెదురు ఆగకుండా తిరగడం, ఆ తిరుగుడుతోనే చుట్టూ చోటు చేసుకోవడం మన సాము అందం. ఒకినావా బో తిరగడం తక్కువ, ఆగడం ఎక్కువ. కొట్టి, అక్కడే నిలిచి, కొన ఎదుటివాడి గొంతు ఎత్తున కదలకుండా ఉండాలి. నా చేతులకు ఆ ఆగడం పట్టుబడటానికి ఏడాది పట్టింది. గురువుగారు నన్నొకరోజు కర్రసాము చేసి చూపించమన్నారు. నాకు వచ్చిన నాలుగు చుట్లు తిప్పాను. ఆయన నవ్వి, "ఇది మరిచిపోకు, కాని ఇక్కడ తేకు" అన్నారు.

అమెరికా విశ్వవిద్యాలయంలో ఆయుధాలు నేర్చుకోవడం అంటే సగం సాధన, సగం దరఖాస్తులు. ప్రాంగణంలోకి ఆయుధాలు తేకూడదన్న నియమం ఉంది; కనుక మా కర్రలు కాగితాల్లో క్రీడాసామగ్రి అయ్యాయి, సైలకు బీరువా, ఆ బీరువాకు తాళం, ఆ తాళంచెవికి సంతకాల పుస్తకం వచ్చాయి. చెక్కనేల మీద సై జారిపడితే పడే సొట్ట గురించి వ్యాయామశాలవాళ్ళు రెండుసార్లు ఉత్తరం రాశారు. పాత రబ్బరు చాపలు పరిచాక శాంతించారు. నున్‌చాకు మాత్రం మేము ముట్టలేదు. న్యూయార్క్ రాష్ట్రంలో 1974నుంచి దాన్ని ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరంగా ఉండేది. ఒక న్యాయవాది ఏళ్ళ తరబడి వ్యాజ్యం నడిపిన తరువాత 2018 డిసెంబరులో ఫెడరల్ కోర్టు ఆ నిషేధం చెల్లదంది. అప్పటికి నేను ఆ ఊరు వదిలేశాను. నున్‌చాకు నాకు ఇప్పటికీ సరిగా రాదు, అందుకు సాకు కూడా ఉంది.

ఈ విద్య అమెరికాకు చేరిన దారి తలచుకొంటే కష్టంగా ఉంటుంది. 1945 ఏప్రిల్‌నుంచి జూన్ వరకు ఒకినావాలో జరిగిన యుద్ధంలో ఆ ద్వీపవాసుల్లో దాదాపు నాలుగోవంతు మంది చనిపోయారు. మియాగి తన పిల్లల్ని, తనకు వారసుడవుతాడనుకొన్న శిష్యుడు షిన్‌జతో జిన్‌ఆన్‌ను పోగొట్టుకొన్నారు. 1972 వరకు ద్వీపం అమెరికా పాలనలో ఉంది. అక్కడ పనిచేయడానికి వచ్చిన సైనికులే సాయంత్రాలు దోజోల్లో, అంటే సాధనశాలల్లో, చేరి నేర్చుకొని, ఇళ్ళకు వెళ్ళాక నేర్పారు. మా గురువుగారికి నేర్పినది అలాంటి సైనికుడే. ఇంకో సంగతి. ర్యూక్యూ రాజుల కోట షురి ఆ యుద్ధంలో నేలమట్టమైంది. 1950లో ఆ శిథిలాల మీదే ర్యూక్యూ విశ్వవిద్యాలయం వెలిసింది. తోదే తెలిసిన రాజభటులు కాపలా కాసిన చోట దశాబ్దాలపాటు విద్యార్థులు తరగతులకు పరుగెత్తారు. విశ్వవిద్యాలయం వేరేచోటికి తరలాక కోటను 1992లో తిరిగి కట్టారు. 2019 అక్టోబరు 31న అది మళ్ళీ కాలిపోయింది, మళ్ళీ కడుతున్నారు.

క్లబ్బుకు ఉన్న పెద్ద లోపం కాలం. కతాకు మూడేళ్ళయితే, ఎం.ఎస్.కు రెండేళ్ళు, లెక్క కుదరదు. నేను పరిశోధనకు ఉండిపోవడం వల్ల ఆరేళ్ళు సాధన చేయగలిగాను, చాలామంది రెండేళ్ళకే వెళ్ళిపోయారు. ప్రతి సెప్టెంబరులో కొత్తవాళ్ళు వస్తారు, మళ్ళీ సన్‌చిన్ మొదటి అడుగు. విసుగు పుట్టేది. మూడో ఏడు గురువుగారు కొత్తవాళ్ళను నాకు అప్పగించినప్పుడు తెలిసింది, ఇంకొకరి మోకాలు ఎందుకు నిలవడంలేదో వెతకాలంటే ముందు నా మోకాలి సంగతి నాకు తెలిసి ఉండాలని. మామూలు దోజోలో పదేళ్ళకు గాని దొరకని ఆ పని, సీనియర్లు ఎప్పుడూ వెళ్ళిపోయే క్లబ్బులో మూడేళ్ళకే నెత్తిన పడుతుంది. ఫోనులో నన్ను అడిగినవారికి, పోటీలకు వెళ్ళడానికి నాకు తీరిక ఎందుకు దొరకలేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మీ క్లబ్బు సంగతి. సామగ్రికి ఖర్చు పెట్టకండి. మణికట్టు బలానికి వాడే చిషిని మేము పాత రంగు డబ్బాలో సిమెంటు పోసి, మధ్యలో కర్ర గుచ్చి చేసుకొన్నాం. మీరూ అలాగే చేసుకోవచ్చు. నోరు వెడల్పైన కుండలు రెండు తెచ్చి ఇసుక పోస్తే వేళ్ళ పట్టుకు అవే చాలు. బోకు ఇక్కడ దొరికే గట్టి వెదురు ఒక ఏడాదిపాటు సరిపోతుంది. గణుపుల్ని బాగా నున్నగా చేయించండి, లేకపోతే అరచేతులు చీరుకొంటాయి. ఇద్దరు ఎదురెదురుగా కర్ర పట్టే రోజున మూడో మనిషి పక్కన నిలబడి చూడాలి. ఆ నియమానికి మినహాయింపు లేదు. పెంకులు పగలగొట్టే కార్యక్రమం వార్షికోత్సవంలో ఉండదని అధ్యక్షులకు ఇప్పుడే విన్నవించుకొంటున్నాను.

సోమవారం సాయంత్రం ఐదున్నరకు మొదటి తరగతి. దోజోలో పాఠం నేల తుడవడంతో మొదలవుతుంది కనుక చీపుర్లు, తడిగుడ్డలు నేను తెస్తాను. కర్రలు సంక్రాంతి దాకా అక్కర్లేదు. సెలవు.